పోలోకి 10 మి.మీ. స్పేసర్లు: ట్రాక్ ప్రాజెక్టు డైరీ

అక్టోబరు: సమస్య ఇదీ

కారు 2014 పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. మామూలు రోజుల్లో విజయవాడలో ఆఫీసుకీ, కూరగాయలకీ తిరుగుతుంది. వీలు దొరికినప్పుడు ఎన్‌హెచ్ 16 పట్టుకుని ఒంగోలు, నెల్లూరు మీదుగా శ్రీపెరంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి వెళ్తుంది. ట్రాక్ కోసం వేరే కారు కొని, దాన్ని లారీ మీద పంపించే స్తోమత నాకు లేదు. అందుకే వేసే ప్రతి పార్టూ రోడ్డుకీ పనికి రావాలి, ట్రాక్‌కీ తట్టుకోవాలి.

ఈ సీజన్‌కి ట్రాక్ కోసం ఇంకో సెట్ అల్లాయ్ వీల్స్ తీసుకున్నాను. 15 అంగుళాలు, 7 అంగుళాల వెడల్పు, 5x100 పీసీడీ (100 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు), ఈటీ45. సెకండ్ హ్యాండే అయినా ఒక్క వంకర లేదు, బరువు తక్కువ, రేటూ బాగుంది. చిక్కల్లా ఆ ఈటీ45 దగ్గరే. కంపెనీ రిమ్ము 6 అంగుళాల వెడల్పు, ఈటీ40. ఈటీ అంటే రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్య గీత నుంచి హబ్‌కి (ఇరుసు కొసన చక్రం బిగించే భాగం) ఆనే ముఖం ఎంత బయటికి ఉందన్నది. అంకె పెరిగిన కొద్దీ చక్రం కారు లోపలికి జరుగుతుంది. కాగితం మీద లెక్క వేస్తే కొత్త రిమ్ము లోపలి అంచు పాతదాని కంటే దాదాపు 18 మి.మీ. లోపలికి, బయటి అంచు 8 మి.మీ. బయటికి వచ్చాయి.

205/50 ఆర్15 టైర్లు ఎక్కించి ముందు చక్రం బిగించి చూస్తే, టైరుకీ సస్పెన్షన్ స్ట్రట్ మీది స్ప్రింగు గిన్నెకీ మధ్య కార్డుముక్క దూరేంత సందు మాత్రమే ఉంది. నిలబడ్డ కారులో సందు ఉన్నంత మాత్రాన చాలదు. మలుపులో టైరు పక్కగోడ మెలితిరిగి లోపలికి వస్తుంది. నాకు కనీసం 8 మి.మీ. కావాలి. వెనక చక్రాలకి ఏ ఇబ్బందీ లేదు.

దారులు రెండు. ఈ రిమ్ములు అమ్మేసి ఈటీ35వి వెతుక్కోవడం, లేదా ముందు రెండు చక్రాలకీ స్పేసర్లు, అంటే హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే లోహపు బిళ్లలు, వేయడం. మా వాట్సాప్ గ్రూపులో అడిగితే సగం మంది "స్పేసర్ వేస్తే చక్రం ఊడిపోద్ది బ్రో" అన్నారు, మిగతా సగం "ఎన్నేళ్లుగానో వేసుకుని తిరుగుతున్నాం, ఏం కాలేదు" అన్నారు. రెండు మాటలూ నిజాలే అయ్యుంటాయి. చక్రం ఎందుకు ఊడుతుందో తెలిస్తే గానీ వాటిలో నా కారుకి ఏది వర్తిస్తుందో తేలదు.

అదే నెల, ఒక ఆదివారం: బోల్టు లెక్క

చాలామంది చక్రం బోల్టుల మీద వేలాడుతోందని అనుకుంటారు. అసలు పని చేసేది బిగింపు. బోల్టు రిమ్మును హబ్‌కేసి ఎంత గట్టిగా నొక్కుతుందో, ఆ రెండు ముఖాల మధ్య అంత రాపిడి పుడుతుంది. బరువునీ, బ్రేకునీ మోసేది ఆ రాపిడే.

పోలో బోల్టు ఎం14x1.5, అంటే 14 మి.మీ. మందం, మరకి మరకి 1.5 మి.మీ. బిగించాల్సిన టార్క్ (తిప్పే బలం) 120 న్యూటన్ మీటర్లు. పొడి మరలకి వాడే ఉజ్జాయింపు సూత్రంతో చూస్తే ఒక్కో బోల్టు సుమారు 43 కిలోన్యూటన్ల బలంతో, అంటే నాలుగు టన్నుల పైచిలుకు బరువుతో నొక్కుతుంది. ఐదూ కలిపితే 21 టన్నులు దాటుతుంది. ముఖాల మధ్య రాపిడి గుణకం 0.15 అనుకుని, బోల్టులు 50 మి.మీ. వ్యాసార్థంలో ఉన్నాయి కాబట్టి, ఆ జాయింటు జారకుండా మోయగలిగే టార్క్ 1,600 న్యూటన్ మీటర్ల దగ్గర తేలుతుంది. ట్రాక్‌లో స్టిక్కీ టైర్లతో పూర్తి బ్రేకు కొడితే ఒక్క ముందు చక్రం మీదే 1,450 వరకూ పడొచ్చు. ఇది నేను కాగితం మీద వేసుకున్న లెక్క, కంపెనీ లెక్క కాదు. అయినా ఒక విషయం మాత్రం దీన్నిబట్టి తెలుస్తోంది. ఐదు బోల్టులూ పూర్తి బిగింపులో ఉంటే సరిపోతుంది గానీ, ఒకటో రెండో సడలినా ఫర్వాలేదు అనేంత మిగులు లేదు.

ఇక ఇందులో స్పేసర్ పాత్ర. బిగించిన బోల్టు సాగదీసిన రబ్బరు బ్యాండు లాంటిది. సాగింది కాబట్టే నొక్కుతుంది. ఎంత సాగింది? స్పేసర్‌తో కలిపి బోల్టు పట్టే పొడవు 30 మి.మీ. అనుకుంటే, ఆ బిగింపుకి అది సాగేది 0.05 మి.మీ. మాత్రమే. రిమ్ముల మీద వేసే పౌడర్ కోటింగు మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు, అంటే 0.06 నుంచి 0.1 మి.మీ. జాయింటు మధ్యలో అంత పెయింటు ఉండి, అది ట్రాక్ వేడికి మెత్తబడి నలిగిపోతే బోల్టు సాగుడంతా పోయినట్టే. బోల్టు ఒక్క చుట్టు కూడా తిరగకుండానే బిగింపు పోతుంది. తుప్పు పొర, ఇసుక రేణువు, లోహం కోసిన చోట మిగిలే గరుకు అంచు, ఏదున్నా కథ ఇదే.

స్పేసర్ వేస్తే ఒక ముఖం బదులు రెండు ముఖాలు ఆనాలి. నలగడానికి, కుదురుకోవడానికి ఒక చోటు అదనంగా వచ్చినట్టు. అందుకే భయం. దానికి పక్కనే ఎవరూ పెద్దగా చెప్పని మాట ఒకటుంది. బోల్టు పొడవు పెరిగితే అదే బిగింపుకి ఎక్కువ సాగుతుంది, కాబట్టి ముఖాలు కొంచెం కుదురుకున్నా కోల్పోయే బిగింపు తక్కువ. ఆ లెక్కన మంచి ముఖాలు, మంచి పొడవాటి బోల్టులు ఉన్న స్పేసర్ జాయింటు ఒరిజినల్ కంటే తీసికట్టేమీ కాదు. ముఖాలు చెత్తవైతే మాత్రం పొడవాటి బోల్టు కూడా కాపాడలేదు.

నవంబరు: మొదటి జత వచ్చింది, వెనక్కి వెళ్లింది

ఆన్‌లైన్‌లో కొన్న జత. ఫొటోలో నిగనిగలాడింది. 10 మి.మీ., 57.1 మి.మీ. సెంటర్ బోరు (నడిమి రంధ్రం), "ఎయిర్‌క్రాఫ్ట్ గ్రేడ్" అని రాసుంది. ఏ గ్రేడో మాత్రం లేదు. 6061-టీ6 అనో, 7075-టీ6 అనో రాసి ఉంటే నమ్మడానికి ఏదో ఒక ఆధారం. వట్టి విమానం పేరు చెప్తే నేనేం చేసుకోను?

ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి టర్నర్ పెద్దాయన మైక్రోమీటరుతో చుట్టూ కొలిచాడు. ఒక స్పేసర్‌లో సన్నని చోటికీ మందపాటి చోటికీ 0.12 మి.మీ. తేడా. బోరు 57.1 బదులు 57.4 వచ్చింది.

"వెంట్రుక మందం తేడా సార్, దీనికెందుకు అంత టెన్షన్?" అన్నాడు ఆయన.

"ఇక్కడ వెంట్రుకే అన్నా. రిమ్ము అంచు దగ్గర ఎంతవుతుందో చూడు," అని లెక్క చూపించాను. స్పేసర్ వ్యాసం 140 మి.మీ., రిమ్ము 381. ఇక్కడి 0.12 అక్కడ మూడో వంతు మిల్లీమీటరు ఊగుడు అవుతుంది. హైవే మీద స్టీరింగు వణకడానికి అది చాలు. బోరు వదులైతే చక్రం నడిమధ్యలో కూర్చోదు, ఆ వణుకు వేరు.

ఆయన కాసేపు ఆలోచించి, "నేనే తీసిస్తా, అల్యూమినియం రాడ్డు తెచ్చుకోండి" అన్నాడు. ఆయన చేతి మీద నాకు నమ్మకం ఉంది, 0.02 లోపల నిలబెట్టగలడు. నమ్మకం లేనిది రాడ్డు మీద. మార్కెట్లో దొరికే ముక్క ఏ గ్రేడో, హీట్ ట్రీట్‌మెంట్ అయిందో లేదో చెప్పేవాళ్లు లేరు. అక్కడే కూర్చున్న ఇంకో కుర్రాడు, "అంత ఖర్చెందుకు సార్, ఒక్కో బోల్టుకి రెండు వాషర్లు వేస్తే సరిపోద్ది కదా?" అన్నాడు. సరిపోదు. వాషర్లు వేస్తే రిమ్ము ముఖం మొత్తం ఆనదు, ఐదు చిన్న దీవుల మీద నిలబడుతుంది. సెంటర్ బోరు పట్టు పోతుంది. చక్రాలు ఊడిన కథల్లో చాలావాటి వెనక ఇలాంటి పనులే ఉంటాయని నా అనుమానం. పేరు మాత్రం స్పేసర్‌కి వస్తుంది.

జత వెనక్కి పంపేశాను. అమ్మినవాళ్లు డబ్బు తిరిగిచ్చారు, నెల పట్టింది.

నవంబరు చివర: రెండో జత, దాంతో వచ్చిన కాగితం

ఈసారి జర్మనీ కంపెనీ సరుకు. ధర మొదటి జతకి నాలుగింతలు పైనే. డబ్బాలో స్పేసర్లతో పాటు ఒక సర్టిఫికెట్ నకలు వచ్చింది. జర్మనీలో ఇలాంటి పార్టు వేస్తే టీయూవీ లాంటి సంస్థ ఇన్‌స్పెక్టరుకి చూపించి, ఆమోదం తీసుకోవాలి. ఏ కారుకి, ఏ రిమ్ము ఈటీకి, ఎంత మందం వరకు వేయొచ్చో ఆ కాగితంలో ఉంటుంది. బోల్టు కనీసం ఎన్ని చుట్లు ఎక్కాలో కూడా ఉంటుంది: ఎం12x1.5 అయితే ఆరున్నర, ఎం14x1.5 అయితే ఏడున్నర. స్పేసర్ గురించి నాకు దొరికిన అన్ని సలహాల్లో బాగా పనికొచ్చింది ఇదొక్కటే. ఎవరైనా ఇంట్లో కొలుచుకోగలిగింది ఇది.

దేశానికో తీరు. ఆస్ట్రేలియా నిబంధనల్లో, కారు కంపెనీ తనే వేసి ఇస్తే తప్ప, హబ్‌కీ చక్రానికీ మధ్య స్పేసర్ నిషేధం. అదే సమయంలో పోర్షే తన 911కి 5 మి.మీ. స్పేసర్లని పొడవాటి బోల్టులతో సహా తనే ఆప్షన్‌గా అమ్మింది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు స్పెసిఫికేషన్‌తో సరిపోకుండా పోయే మార్పులు చేయకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. స్పేసర్ అన్న మాట ఆర్‌సీలో ఎక్కడా ఉండదు, కానీ ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు ఆ వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. కాబట్టి ముందే ఒక నిర్ణయం తీసుకున్నాను. స్పేసర్లు, 7 అంగుళాల రిమ్ములు ట్రాక్‌కి మాత్రమే. రోడ్డు మీద కంపెనీ చక్రాలు, కంపెనీ బోల్టులు. ట్రాక్ చక్రాలు వెనక సీటు మడిచి పేర్చుకుని తీసుకెళ్లి, అక్కడే మార్చుకోవాలి. రోడ్డు మీద తిప్పేది పరీక్ష కోసం చిన్న రౌండ్లే.

డిసెంబరు: బిగింపు

ఎక్కువ టైము పట్టింది శుభ్రానికే. పదేళ్ల కారు, హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా ఉంది. వైరు బ్రష్, తర్వాత ఎమరీ పేపరు, చివర బ్రేక్ క్లీనరు. హబ్ నడుమ పొడుచుకొచ్చిన లిప్పు చుట్టూ ఉండే సన్నని మూలలో తుప్పు గట్టిగా పట్టుకుని ఉంటుంది. అది వదిలేస్తే స్పేసర్ పైకి బాగానే ఆనినట్టు కనిపిస్తుంది గానీ మూలలో లేచి ఉంటుంది.

పోలోలో బ్రేకు డిస్కుని హబ్‌కి పట్టి ఉంచేది ఒక చిన్న టోర్క్స్ స్క్రూ. దాని తల డిస్కు ముఖం కన్నా వెంట్రుకవాసి పైకి ఉన్నా స్పేసర్ దాని మీద ఊగుతుంది. స్కేలు అంచు పెట్టి చూశాను. ఎడమ పక్క బాగానే ఉంది. కుడి పక్కది ఎప్పుడో ఎవరో తల చెడగొట్టారు, అంచు లేచి ఉంది. తీసి కొత్తది వేశాను. తర్వాత స్పేసర్ పెట్టి నాలుగు వైపులా వేలితో నొక్కితే చప్పుడు లేదు. ముఖం మీద ఇంజనీర్స్ బ్లూ పూసి నొక్కి తీస్తే మచ్చ చుట్టూ సమానంగా పడింది.

డయల్ గేజ్ అరువు తెచ్చి స్పేసర్ ముఖాన్ని తిప్పి చూస్తే సూది 0.04 మి.మీ. లోపలే కదిలింది. స్పేసర్ లేకుండా డిస్కు ముఖం మీద చూసినా దాదాపు అంతే. స్పేసర్ తన వంతుగా కలిపింది ఏమీ లేదన్నమాట. నాకు కావాల్సిందీ అదే.

కొత్త రిమ్ముల సెంటర్ బోరు 73.1. హబ్ 57.1. మధ్యలో రింగు కావాలి. రిమ్ములతో ప్లాస్టిక్ రింగులు వచ్చాయి. రోడ్డుకి అవి చాలు, ట్రాక్‌లో డిస్కు వేడికి మెత్తబడతాయి. అల్యూమినియం రింగులు తెప్పించాను. బోల్టులు సరిగ్గా బిగించాక చక్రాన్ని మోసేది ఈ రింగు కాదు. బిగించే ముందు చక్రాన్ని నడిమధ్యలో కూర్చోబెట్టడమే దాని పని. లిప్పు మీద మాత్రం యాంటీ సీజ్ పేస్టు పలచగా రాశాను, అల్యూమినియం, ఉక్కు కలిసిన చోట మన గాలిలోని తేమకి పట్టేసుకుంటాయి కాబట్టి. ముఖాల మీద, మరల మీద ఒక్క చుక్క పడకూడదు. మరకి నూనె తగిలితే అదే 120 న్యూటన్ మీటర్లకి బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది.

బోల్టుల దగ్గర రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది సీటు ఆకారం. ఫోక్స్‌వ్యాగన్ ఒరిజినల్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బాల్ సీటు. బయటి కంపెనీల రిమ్ములు ఎక్కువగా 60 డిగ్రీల కోను సీటు. గుండ్రటి బోల్టుని కోను గుంటలో బిగిస్తే సన్నని గీత మీద ఆనుతుంది. టార్క్ రెంచ్ టక్కుమంటుంది, మనకి బాగానే బిగిసినట్టు అనిపిస్తుంది, కొద్ది కిలోమీటర్లకి ఆ గీత నలిగి వదులవుతుంది. రెండోది పొడవు. ఒరిజినల్ బోల్టు మర పొడవు 27 మి.మీ. మరకి మరకి 1.5 మి.మీ. కాబట్టి 10 మి.మీ. స్పేసర్ ఆరున్నర చుట్ల పైనే తినేస్తుంది. నేను ఒరిజినల్‌తో లెక్క పెడితే తొమ్మిది చుట్ల చిల్లర వచ్చింది. అవే బోల్టులతో స్పేసర్ వేస్తే రెండున్నర చుట్ల మీద కారు నిలబడుతుంది. 37 మి.మీ. కోను సీటు బోల్టులు, 10.9 గ్రేడు తల మీద ముద్ర ఉన్నవి వేసి మళ్లీ లెక్క పెట్టాను. తొమ్మిది దాటాయి.

ఇంకా పొడవైతే ఇంకా మంచిది కాదా అని అడిగేవాళ్లుంటారు. కాదు. కొస హబ్ వెనక పొడుచుకొస్తుంది. ముందు పక్క అక్కడ హబ్‌ని పట్టి ఉంచే నకిల్, ఏబీఎస్ సెన్సారు ఉంటాయి. వెనక పోలోకి డ్రమ్ము బ్రేకులు. లోపల షూలకో, హ్యాండ్ బ్రేకు లింకులకో తగిలితే చక్రం తిరగదు, లేదా తిరుగుతూ లోపల ఏదో ఒకటి కోసేస్తుంది. వెనక నేను స్పేసర్ వేయకపోవడానికి అదో కారణం. ముందు బోల్టులు బిగించాక చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పి చెవి పెట్టి విన్నాను.

బిగింపు నక్షత్రం వరసలో, చక్రం గాలిలో ఉండగా మొదట 60, తర్వాత నేల మీద 120. ఇంపాక్ట్ గన్ దగ్గరికి రానివ్వలేదు. ప్రతి బోల్టు తల నుంచి రిమ్ము మీదికి పసుపు పెయింటు మార్కరుతో ఒక గీత. బోల్టు కదిలితే గీత విరుగుతుంది, వంగి చూస్తే చాలు.

కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి సస్పెన్షన్ మొత్తం నొక్కి, స్టీరింగు రెండు వైపులా చివరి దాకా తిప్పాను. స్ట్రట్ దగ్గర ఇప్పుడు వేలు దూరే సందు. బయటి అంచు కంపెనీ చక్రం కంటే దాదాపు 18 మి.మీ. బయటికి వచ్చింది, ఫెండరు లైనరుకి ఒక చోట సన్నగా రాసుకుంటోంది. అక్కడ క్లిప్పు వెనక్కి జరిపితే తీరిపోయింది.

ఒక మాట స్టెపినీ గురించి. డిక్కీలో ఉన్నది ఇనప రిమ్ము, బాల్ సీటు. దారిలో పంచరైతే ఆ చక్రానికి 37 మి.మీ. కోను బోల్టులు ససేమిరా పనికిరావు. ఆకారం కుదరదు, కొసలు 10 మి.మీ. ఎక్కువ లోపలికి పొడుచుకుంటాయి. స్పేసర్ ఉంచి వేద్దామన్నా సీటు సమస్య అలాగే ఉంటుంది. ఒరిజినల్ బోల్టులు ఒక సంచిలో కట్టి స్టెపినీ గుంటలోనే పడేశాను. స్పేసర్లతో రోడ్డు మీద తిరిగేవాళ్లని ఈ సంచి గురించి అడిగి చూడండి, చాలామంది ముఖాలు చూసుకుంటారు. దారిలో పంచరు షాపు కుర్రాడు రాత్రి పూట ఏ బోల్టు దొరికితే ఆ బోల్టు గన్నుతో దిగ్గొట్టేస్తాడు, అతన్ని అనుకుని లాభం లేదు.

డిసెంబరు చివర: రోడ్డు రౌండ్లు

మొదటి రౌండు గన్నవరం దాకా. 60 కిలోమీటర్లు దాటాక చల్లారనిచ్చి టార్క్ చూశాను. రెండు బోల్టులు కొద్దిగా కదిలాయి, మిగతావి కదల్లేదు. కొత్త ముఖాలు కుదురుకోవడం అది. తర్వాతి రౌండ్లలో ఒక్కటీ కదల్లేదు. మళ్లీ కదిలి ఉంటే ప్రాజెక్టు అక్కడితో ఆగేది.

స్టీరింగులో తేడా తెలుస్తుంది. గతుకు ఒక చక్రానికే తగిలితే చేతిలో గుంజుడు కొంచెం పెరిగింది. దీని వెనక స్క్రబ్ రేడియస్ ఉంది. స్టీరింగు తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటుకీ, టైరు మధ్యకీ ఉన్న దూరం అది. 1972 ఆడి 80తో ఈ దూరాన్ని నెగటివ్ వైపు, అంటే ఆ గీత టైరు మధ్యకి బయట పడేలా, పెట్టడం పేరుకెక్కింది. అలా ఉంటే ఒక పక్క చక్రం ఎక్కువ బ్రేకు పట్టినా కారు తనంతట తానే సర్దుకుంటుంది. చక్రాన్ని బయటికి జరిపిన కొద్దీ ఆ గుణాన్ని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటున్నట్టే. నా లెక్కలో ఈటీ45 మైనస్ 10, అంటే ఈటీ35. కంపెనీ ఈటీ40 నుంచి నికరంగా జరిగింది 5 మి.మీ. అది భరించొచ్చు. స్టాక్ రిమ్ము మీద 25 వేసేవాళ్ల సంగతి వేరు.

బేరింగు పోతుందన్న భయానికీ ఇదే జవాబు. బేరింగు చూసేది చక్రం మధ్య ఎక్కడుందన్నదే. అది స్పేసర్ వల్ల జరిగిందా, తక్కువ ఈటీ రిమ్ము వల్ల జరిగిందా అన్నది దానికి తెలియదు. ఇంకో తమాషా ఉంది. మలుపులో బయటి చక్రం మీద పక్కబలం నేల దగ్గర నుంచి, దాదాపు 29 సెం.మీ. చేతితో బేరింగుని మెలిపెడుతుంది. నాలుగున్నర వేల న్యూటన్ల పక్కబలానికి అది 1,300 న్యూటన్ మీటర్లు. చక్రం బయటికి జరగడం వల్ల బరువు తెచ్చే మెలిక దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది, అదీ పదుల్లోనే. అంటే ట్రాక్ మలుపులో స్పేసర్ బయటి చక్రం బేరింగుకి పెద్ద శత్రువు కాదు. దానికి దెబ్బ తగిలేది తిన్నగా పోతూ గుంతలో పడ్డప్పుడు, అక్కడ ఎదురు బలం ఏదీ ఉండదు. బేరింగు విషయంలో మన రోడ్లే ట్రాక్ కన్నా కఠినం.

జనవరి, సంక్రాంతి తర్వాత: ట్రాక్

ఇరుంగాట్టుకోట్టైది 3.7 కిలోమీటర్ల ట్రాక్, 1990 నుంచి ఉంది. గడియారం దిశలో తిరుగుతుంది కాబట్టి కుడి మలుపులు ఎక్కువ, ఎడమ ముందు చక్రానికి పని ఎక్కువ. మెయిన్ స్ట్రెయిట్ చివర సీ1 కుడి మలుపు చాలా వేగంగా వస్తుంది. ఊడే చక్రం ఏదైనా ఉంటే అక్కడ ఊడకూడదని కోరుకుంటాం.

అక్కడికి వెళ్లాక చక్రాలు మార్చి, చల్లని స్థితిలో 120 పెట్టి, గీతలు కొత్తగా గీశాను. ప్రతి సెషన్ తర్వాత గీతలు మాత్రం చూశాను, టార్క్ రెంచ్ పెట్టలేదు. ఈ విషయంలో నా పద్ధతి చాలామందికి భిన్నం. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వేడి మీద రిమ్ము, స్పేసర్ ఉబ్బి బోల్టుని అదనంగా లాగుతాయి. ఆ స్థితిలో రెంచ్ పెడితే వచ్చే అంకె నిజం కాదు. వేడిలో బిగిస్తే చల్లారాక బిగింపు తగ్గుతుంది, ఎంత తగ్గిందో మనకి తెలియదు. గీత విరగకపోతే వదిలేయాలి, విరిగితే ఆ రోజుకి ఆపేసి చక్రం విప్పి కారణం వెతకాలి. మధ్యాహ్నం భోజనాల విరామంలో పూర్తిగా చల్లారాక ఒకసారి రెంచ్ పెట్టాను. ఏదీ కదల్లేదు.

పక్క పిట్‌లో ఒక కుర్రాడి స్విఫ్ట్. 5 మి.మీ. స్లిప్ ఆన్ స్పేసర్లు, ఒరిజినల్ స్టడ్‌లు. స్విఫ్ట్‌కి బోల్టులు కాదు, హబ్‌లోనే స్టడ్ ఉంటుంది, బయటి నుంచి నట్టు. ఎం12x1.25. "పైపైన చిన్నదే కదా అన్నా, 5 ఎంఎం" అన్నాడు. నట్టు విప్పి చుట్లు లెక్క పెట్టమన్నాను. ఆరు రాలేదు. 5 మి.మీ. అంటే ఆ మర మీద నాలుగు చుట్లు. స్టడ్ మందం ఎంతో కనీసం అంత పొడవు మర పట్టాలన్నది మామూలు లెక్క, అంటే 12 మి.మీ., తొమ్మిదిన్నర చుట్లు. పైగా మూసిన తల నట్లు. లోపల ఎంత పట్టిందో బయటికి కనపడదు. తెరిచిన నట్టయితే స్టడ్ కొస బయటికి వచ్చిందో లేదో కంటితో చూడొచ్చు. కుర్రాడు స్పేసర్లు తీసేసి, లోపల సన్నగా రాసుకుంటున్నా స్పీడు తగ్గించుకుని తిరిగాడు. స్పేసర్ సన్నదైతే భద్రం అనుకుంటారు. స్టడ్‌లున్న కార్లలో పొడవాటి స్టడ్‌లు కొట్టించకుండా వేసే సన్నని స్పేసరే ఎక్కువ మోసం చేస్తుంది. 25 మి.మీ. బోల్ట్ ఆన్ రకమైతే దాని స్టడ్‌లు దానికే ఉంటాయి. కాకపోతే దాన్ని హబ్‌కి పట్టి ఉంచే లోపలి నట్లు సడలాయో లేదో చక్రం విప్పితే తప్ప తెలియదు, థార్, జిమ్నీ వాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

స్పేసర్ల వల్ల ల్యాప్ టైము మారిందా అంటే, ముందు రెండు చక్రాల మధ్య దూరం ఒకటిన్నర శాతం లోపే పెరిగింది. మార్పంతా టైర్లది.

ఫిబ్రవరి: విప్పి చూశాను

ఇంటికొచ్చాక ముందు రెండు పక్కలా విప్పాను. వెతికింది నల్లటి, ఎర్రటి పొడి కోసం. ముఖాలు సూక్ష్మంగా జారుతుంటే అల్యూమినియం నల్ల పొడి, ఇనుము ఎర్ర పొడి రాలుస్తాయి. ఎడమ పక్క స్పేసర్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ మెరిసిన వలయాలు తప్ప పొడి లేదు. రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి. బోల్టులు వెర్నియర్‌తో కొలిస్తే పొడవు మారలేదు. కుడి పక్క ఇంకా శుభ్రం. అల్యూమినియం రింగులు చేత్తో లాగితే వచ్చాయి.

స్పేసర్లని తీసిపారేయడానికి కారణం కనపడలేదు. అలాగని రోడ్డు మీద ఉంచడానికీ మనసు ఒప్పుకోలేదు. ట్రాక్‌లో నేను ప్రతి సెషన్‌కీ వంగి గీతలు చూస్తాను. ఆఫీసుకి వెళ్లే రోజు ఎవరు చూస్తారు? నేను ఊళ్లో లేనప్పుడు తమ్ముడు కారు తీసుకెళ్లి టైరు మార్పిస్తే, షాపులో ఎవరు ఏ బోల్టు ఎక్కడ వేశారో అడిగేవాళ్లుండరు. కాబట్టి డిసెంబరు ముందు అనుకున్నదే ఖాయం: ట్రాక్‌కి మాత్రమే. 37 మి.మీ. బోల్టుల సెట్టుని ఏటా మార్చే ఖర్చులో వేసుకున్నాను. రేసు టీములు వీల్ స్టడ్‌లని బ్రేకు ప్యాడ్ల మాదిరిగా అరిగిపోయే సరుకు కిందే లెక్క కడతాయి.

ఈలోగా కోయంబత్తూరు వైపు నుంచి 15x7 ఈటీ35 సెట్టు ఒకటి అమ్మకానికి వచ్చింది. రేటు కుదిరితే స్పేసర్ల అవసరమే ఉండదు. కుదరకపోతే ఇవే వచ్చే సీజనుకీ. అప్పటిదాకా స్పేసర్లు నూనె గుడ్డలో చుట్టి, ఏ పక్కది ఏదో రాసి పెట్టాను. తర్వాతి పని బ్రేక్ ఫ్లూయిడ్. ఆఖరి సెషన్లో పెడలు కొంచెం మెత్తబడింది.